గాజు పలకా, టకటక మాస్టారూ

టకటక మాస్టారి పాత ఫోను ఒక మధ్యాహ్నం పూట తన అయిదో నంబరు మీటని తనే మింగేసి ప్రాణం విడిచింది.

మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని నాడి చూశారు. ఊదారు. దులిపారు. సూదితో మీటని పైకి లాగబోతే నాలుగూ, ఆరూ కూడా తోడు వెళ్ళిపోయాయి.

"పోతే పోయిందిలెండి," అంది ఇల్లాలు వంటింటి గుమ్మంలోంచి. "ఇన్నేళ్ళుగా పొడిచి పొడిచి పెట్టారు. అది సహజ మరణం కాదు, పక్కా హత్య."

"నీకేం తెలుసే దాని విలువ!" అన్నారు మాస్టారు.

విలువ ఆవిడకి తెలియకపోలేదు. ఆ ఫోనుని మాస్టారు జేబులోంచి తియ్యకుండానే, చెయ్యి మాత్రం జేబులోకి దూర్చి, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ, మాటకి మాట కలుపుతూ మెసేజ్ కొట్టగల మొనగాడు. బామ్మర్ది వచ్చి సోఫాలో చేరగిలబడి గంటల తరబడి సుత్తి వేస్తుంటే, "అలాగా, ఆహా" అంటూనే జేబులోంచి వంటింటికి వార్త పంపేవారు: 'మీ తమ్ముణ్ణి లేపు.' వెంటనే వంటింట్లోంచి కేక వచ్చేది: "ఒరేయ్, షాపు తెరిచే వేళ కాలేదూ?"

అలాంటి కాపురాన్ని నిలబెట్టిన ఫోను అది.

మాస్టారికి ఇదంతా వృత్తిరీత్యా వచ్చిన విద్య. వీధి చివర మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. అక్షరాల వంక చూడకుండా కొట్టడమే టైపు, చూసి కొట్టడం మేకులు కొట్టడం అనేది ఆయన సిద్ధాంతం. చెట్టుకి వేళ్ళు నేలలో ఉంటాయి, మాస్టారి వేళ్ళు మిషనులో ఉంటాయి అని ఊరివాళ్ళు చెప్పుకునేవారు. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లన్నీ పాత ఇనుముకి పోగా, ఒక్కదాన్ని మాత్రం మాస్టారు పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు ఇంటికి తెచ్చుకున్నారు.

అసలు పెళ్ళికూతురు అప్పటికే ఇంట్లో ఉంది. ఆవిడా ఆ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థినే. టైపులో మొదటి మెట్టయిన లోయర్ పరీక్షలో మాస్టారు ఫెయిల్ చేసి, పెళ్ళికి పాస్ చేశారు. ఎందుకు ఫెయిల్ చేశారో ఆయన మరిచిపోయారు. ఆవిడ మరిచిపోలేదు. మామూలప్పుడు "ఏమండీ" అంటుంది. ఒళ్ళు మండినప్పుడు మాత్రం "సార్" అంటుంది. ఆ పిలుపు వినబడితే మాస్టారి పది వేళ్ళూ పిడికిట్లోకి దాక్కుంటాయి.

ఒళ్ళు మండటానికి కారణం టేబులు. ఇంట్లో నాలుగు కుర్చీల డైనింగ్ టేబులు ఒకటి ఉంది. దాని నట్టనడుమ టైపు మిషను కూర్చుంది. మిషను చుట్టూ కాగితాలు, కాగితాల చుట్టూ రిబ్బన్లు, రిబ్బన్ల చుట్టూ నూనె డబ్బాలు. తినేవాళ్ళు మాత్రం ఒళ్ళో కంచం పెట్టుకుని సోఫాలో. "టేబులు మీద మిషను భోంచేస్తుంది, మనం సోఫాలో టైపు కొడదాం" అని ఆవిడ ఎన్నోసార్లు అంది. మాస్టారు వినలేదు. టకటకల మధ్య బతికిన మనిషికి వినికిడి కాస్త తక్కువ, అందులోనూ పనికిరానివి అసలు వినబడవు.

సాయంత్రం బామ్మర్ది దిగాడు. అతనికి సెల్‌ఫోన్ల షాపుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ ఫోను గాజు మీద పగుళ్ళు చూస్తాడు, తర్వాతే మొహాలు చూస్తాడు. అందుకని అందరూ అతన్ని స్క్రీన్‌గార్డ్ అంటారు.

"బావగారూ, మీటల ఫోన్ల కాలం పోయింది. ఇదిగో, మీ కోసం పెద్ద సైజుది తెచ్చా," అంటూ నల్లటి పలక ఒకటి చేతిలో పెట్టాడు.

మాస్టారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "మీటలేవిరా?"

"ఉండవు. తాకితే చాలు."

"కీ లేనిది కీలకం ఎలా అవుతుందిరా? మీట లేకపోతే మాట ఎలా పుడుతుంది?"

"పుట్టించి చూడండి."

మాస్టారు పలకని టేబులు మీద పెట్టి, నడుం నిటారుగా చేసి, అక్షరాల గడులు కనబడగానే మిషను మీద కొట్టినట్టే కొట్టారు. ఆ దెబ్బకి ఫోను బెదిరిపోయింది. ఒక 'క' కోసం కొడితే ఆరు 'క'లు పడ్డాయి. రెండో దెబ్బకి తెర మారిపోయింది. మూడో దెబ్బకి ఎవరో "అగ్నిమాపక కేంద్రం, చెప్పండి" అన్నారు.

"ఎక్కడ మండుతోందండీ?" అని ఫోను అడిగింది.

"ఇక్కడే, మా ఆయన కడుపులో," అని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

మాస్టారు వెనక్కి తగ్గలేదు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మెల్లగా, దూదిని తాకినట్టు. అక్షరం తర్వాత అక్షరం పడింది. మొహంలో వెలుగు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎవరిదో మెసేజ్ వచ్చి ఫోను "టింగ్" మంది.

టైపు మిషను మీద లైను చివరికి రాగానే చిన్న గంట టింగ్‌మంటుంది. గంట వినగానే ఎడమ చేత్తో పైనున్న బండిని కుడివైపుకి తొయ్యాలి, కొత్త లైను మొదలవుతుంది. జీవితమంతా మాస్టారి ఎడమ చెయ్యి ఆ గంటకి జీతంలేని నౌకరు. ఇప్పుడూ అది యజమానిని అడగలేదు. టింగ్ వినగానే లేచింది, తోసింది. పలక టేబులు మీద జారి, కుర్చీ మీదుగా ఎగిరి, నేల తుడిచే బకెట్‌లోకి దూకింది.

బుడుంగ్.

"కొత్త లైను కాదు, కొత్త చెరువు," అంది ఆవిడ.

స్క్రీన్‌గార్డ్ పలకని తీసి, తుడిచి, నవ్వు ఆపుకోలేక సోఫా పట్టుకున్నాడు. "బావగారూ, వినండి. చూడకుండా కొట్టే రోజులు పోయాయి. గాజు నున్నగా ఉంటుంది. ఏ అక్షరం ఎక్కడుందో వేలికి తెలియదు. ఇక మీరూ మాలాగే బొటనవేలితో వెతుక్కుంటూ పొడవాలి. మీ వేళ్ళకి రిటైర్‌మెంట్ ఇచ్చెయ్యండి."

రిటైర్‌మెంట్ అన్న మాట మాస్టారికి గుండెలో గుచ్చుకుంది. ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేసినప్పుడు కూడా ఆయన ఆ మాట అనుకోలేదు. "గది మూసేశాను, చేతులు మూసెయ్యలేదు" అనుకున్నారు.

"వచ్చే ఆదివారం నా పాత శిష్యులు ఇంటికొస్తున్నారు," అన్నారు లేచి నిలబడి. "ఏటా కళ్ళకి గంతలు కట్టుకుని మిషను మీద కొట్టి చూపిస్తానా? ఈసారి ఈ పలక మీద కొడతాను. గంతలతోనే! వాళ్ళ గ్రూపులోకే పంపిస్తాను. ఒక్క తప్పు ఉండదు!"

"ఉంటే?" అంది వంటింటి గుమ్మం.

"ఉంటే నువ్వేమంటే అదే."

"టేబులు."

మాస్టారు టేబులు అంచు పట్టుకున్నారు. మిషను వైపు చూశారు. మిషను కూడా ఆయన వైపే చూస్తున్నట్టు అనిపించింది. "గెలిస్తేనో?"

"గెలిస్తే మిషను పక్కనే నా కంచం పెట్టుకుని తింటాను. జన్మలో టేబులు ఊసెత్తను."

"సాక్షి నేను," అన్నాడు స్క్రీన్‌గార్డ్ హుషారుగా. పక్కింటి గొడవకైనా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే మనిషతను.

మర్నాటి నుంచి మాస్టారు దీక్ష పట్టారు. ముందు ఫోను నోరు నొక్కేశారు. టింగ్ లేకపోతే చెయ్యి లేవదు. పలకని అడ్డంగా తిప్పితే అక్షరాల గడులు వెడల్పు అయ్యాయి. కిక్కిరిసిన బస్సులో ప్రయాణికుల్లా ఎనిమిది వేళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుంటూ సర్దుకున్నాయి. చూస్తూ కొడితే తప్పు లేదు. కళ్ళు మూస్తే మాత్రం చేతులు ఎక్కడికో తప్పిపోయి, సంతలో పిల్లల్లా దిక్కులు చూసేవి.

మిషను మీద ఆ బాధ లేదు. ఎఫ్ మీదా, జె మీదా చిన్న బొడిపెలు ఉండేవి. చూపుడువేళ్ళు ఆ రెండింటినీ పట్టుకుంటే చాలు, మిగతా అక్షరాలు వాటంతటవే వచ్చి వేళ్ళ కింద నిలబడేవి. గాజుకి బొడిపె ఎక్కడిది?

ఎక్కడిదంటే, ఇల్లాలి అద్దం ముందు గోళ్ళ రంగు సీసాలో ఉంది.

ఆలోచన తట్టగానే మాస్టారు పిల్లిలా పడగ్గదిలోకి వెళ్ళారు. సీసా మూత తీసి, అక్షరాల గడులు పైకి తెచ్చుకుని, ఎఫ్ మీద దిట్టంగా ఒక చుక్క, జె మీద ఒక చుక్క పెట్టి, ఊది ఊది ఆరబెట్టారు. గట్టిపడ్డాక వేలు ఆనించి చూశారు. బొడిపె! చుక్క మందంగా ఉండటంతో దాని మీద వేలు ఊరికే ఆనితే ఫోనుకి తెలియదు, పక్కన గాజు మీద కొడితేనే అక్షరం పడుతుంది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. బతుకు తెరువు పోయిందనుకున్న మనిషికి బతుకు తెర మీద కనబడింది.

సాధన మాత్రం రహస్యంగా జరగాలి. సామాన్ల గదిలో బట్టలుతికే మిషను ఉంది. దాని మూత మీద పలక పెట్టుకుని, తలుపు వేసుకుని కొట్టడం మొదలుపెట్టారు. మిషను మీద మిషను.

"ఏమండీ, లోపల ఏం చేస్తున్నారు?"

"బట్టలు ఉతుకుతున్నానే."

"కుళాయి రావడం లేదుగా. నీళ్ళు లేకుండా ఎలా ఉతుకుతున్నారు?"

"మాటల్తో! నువ్వు నన్ను రోజూ ఉతకడం లేదూ?"

ఆ పూటకి గట్టెక్కారు. మర్నాడు కాఫీ గ్లాసు అందిస్తూ ఆవిడ ఆయన చూపుడువేలు వంక చూసింది. "ఆ రంగేమిటి వేలికి?"

"రిబ్బను. సగం నలుపు, సగం ఎరుపు ఉంటుందిగా. ఆ ఎర్ర సగం అంటుకుంది."

"ఓహో. గులాబీ రంగు రిబ్బన్లు కూడా వస్తున్నాయన్నమాట ఈ మధ్య."

మాస్టారు కాఫీ వేడికి కళ్ళు మూసుకున్నట్టు మూసుకుని తాగేశారు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆడవాళ్ళు అడగడం మానేస్తే మగవాళ్ళు భయపడాలి. కానీ మాస్టారు నమ్మేశారు. నమ్మకం ఎక్కువైన చోటే గొయ్యి తవ్వి ఉంటుంది.

పట్టుదల అంటే ఆయనదే. అన్నం తింటూ ఒళ్ళో కంచం అంచు మీద వేళ్ళు ఆడించారు. నిద్రలో ఆవిడ భుజం మీద పేరాలకి పేరాలు కొట్టారు. శనివారం నాటికి కళ్ళు మూసుకుని కొట్టిన కాగితంలో, అదే, కొట్టిన గాజులో, ఒక్క తప్పు లేదు.

ఆదివారం సాయంత్రం శిష్యులు వచ్చారు. మందుల షాపాయన, ఆయన పక్కన బడి హెడ్‌మిస్ట్రెస్, వెనక ఇంకా గదినిండా జనం. అందరూ ఒకప్పుడు మాస్టారి స్కేలు దెబ్బలు తిన్న చేతులతోనే ఇప్పుడు టీ కప్పులు పట్టుకున్నారు. స్క్రీన్‌గార్డ్ ముందు వరసలో, టేబులుకి కుడి పక్కన, వేడి టీతో కూర్చున్నాడు. టైపు మిషనుని కొంచెం వెనక్కి జరిపి, దాని ముందు పలకని అడ్డంగా పెట్టారు.

హెడ్‌మిస్ట్రెస్ లేచి మాస్టారి కళ్ళకి రుమాలు కట్టింది. "కనబడుతోందా సార్?"

"నాకు కనబడనవసరం లేదమ్మా. నా వేళ్ళకి కళ్ళున్నాయి."

చప్పట్లు మోగాయి. ఇల్లాలు దగ్గరికొచ్చి, ఫోనులో గ్రూపు తెరిచి, అక్షరాల గడులు పైకి తెచ్చి పక్కకి తప్పుకుంది. "కానివ్వండి, సార్," అంది.

ఆ 'సార్' విని మాస్టారి వేళ్ళు పిడికిట్లోకి దూరబోయాయి. కానీ చూపుడువేళ్ళకి బొడిపెలు తగిలాయి. ధైర్యం వచ్చింది. ఎఫ్ దొరికింది, జె దొరికింది. ఇక లోకం దొరికినట్టే. 'నా శిష్యులందరికీ నమస్కారం' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే దాన్ని తెలుగులోకి మార్చే పని ఫోనుది. గడగడా, ధారగా, కొట్టేశారు. వాక్యం అయింది. చుక్క పెట్టారు.

చుక్క పెట్టీ పెట్టగానే గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా "టింగ్, టింగ్, టింగ్, టింగ్" మన్నాయి.

తన ఫోను నోరు నొక్కారు గానీ, ఊరి నోరు ఎవరు నొక్కగలరు? అన్ని గంటలు ఒకేసారి మాస్టారి ఎడమ చెయ్యి ఎప్పుడూ విని ఉండలేదు. రెట్టించిన భక్తితో లేచి ఒక్క తోపు తోసింది. పలక గాల్లోకి లేచి, టేబులు దాటి, స్క్రీన్‌గార్డ్ చేతిలోని టీ కప్పులో ఒక మూల దిగబడి, కప్పుతో సహా అతని ఒళ్ళోకి దిగింది.

"అమ్మో! అక్కోయ్! కాలిందే!" అంటూ స్క్రీన్‌గార్డ్ కుర్చీ ఎక్కాడు.

మాస్టారు గంతలతోనే అటు తిరిగి నమస్కారం పెట్టారు. ఆ కేకలు ప్రశంసలనుకున్నారు.

మందుల షాపాయన తన ఫోను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "సార్, ఇదేమిటి సార్? 'మ్స్స్ దోద్జుఇస్మ్ఫ్స్టోలో మ్స్ద్ల్స్స్ట్'. ఈ మందు మా దగ్గర స్టాకు లేదే!"

"దగ్గుకా, జ్వరానికా?" అని ఎవరో వెనక నుంచి.

"డాక్టరు చేతిరాతలా ఉంది," అంది హెడ్‌మిస్ట్రెస్ నోరు మూసుకుని నవ్వుతూ.

మాస్టారు గంతలు లాగేసుకున్నారు. ఒకరి ఫోనూ, ఇంకొకరి ఫోనూ లాక్కుని చూశారు. అన్నిట్లోనూ అదే మందు. "అబద్ధం! నా చెయ్యి తప్పదు! మీటలు, అదే, గడులు మారిపోయాయి!"

"గడులు మారలేదు," అంది ఇల్లాలు, టీ కారుతున్న పలకని కొంగుతో తుడుస్తూ. "చుక్కలు మారాయి. పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు, మీరు పెట్టినవి చెరిపేసి, ఒక్క గడి కుడికి నేను పెట్టాను. చూడండి, ఎఫ్ మీద కాదు, జి మీద ఉంది. జె మీద కాదు, కె మీద ఉంది. మీరు ప్రతి అక్షరమూ దాని కుడి పక్క గడిలో కొట్టారు. ఈ ఫోనులో ఎమ్‌కి కుడి పక్కన చెరిపే గడి ఉంటుంది. అందుకే నమస్కారంలో 'మ' కొట్టినప్పుడల్లా ముందరి అక్షరం ఎగిరిపోయింది. వాక్యం చివర పెట్టే చుక్కకి కుడి పక్కన పంపే గడి. చుక్క పెట్టాననుకుని పంపేశారు."

శిష్యులంతా పలక మీదకి వంగి చుక్కలు చూశారు.

"మోసం!" అన్నారు మాస్టారు.

"నా గోళ్ళ రంగుతో గాజు మీద బొడిపెలు పెట్టుకోవడాన్ని ఏమంటారు, సార్?"

"బొడిపెలా?" అన్నాడు మందుల షాపాయన. "వేళ్ళకి కళ్ళున్నాయన్నారు కదా సార్?"

"కళ్ళకి కాటుక పెట్టుకున్నార్లే," అన్నాడు కుర్చీ మీద నుంచి స్క్రీన్‌గార్డ్, ప్యాంటు పిండుకుంటూ.

ఆవిడ మాత్రం వదల్లేదు. "లోయర్ పరీక్ష గుర్తుందా? కాగితమంతా ఒక్క ఊపులో కొట్టాను. మీరు చెప్పినట్టే, ఒక్కసారి కూడా అక్షరాల వంక చూడలేదు. మొదట చేతులు పెట్టేటప్పుడు ఒక్క గడి కుడికి పెట్టానంతే. అందరి ముందూ ఆ కాగితం పైకెత్తి, 'ఇది ఏ దేశపు భాష అమ్మాయ్?' అన్నారు. నేను మిషను మీద తప్పు నెడితే ఏమన్నారు?"

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా, స్కూలు పిల్లాడిలా నేల చూస్తూ చెప్పారు: "చెయ్యి ఎక్కడ పెట్టామో చూసుకోకపోతే అది టైపిస్టు తప్పు. మిషను తప్పు కాదు."

"మరి?"

"మరేముంది." మాస్టారు గంతల రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. పది వేళ్ళూ ముడుచుకున్నారు. తర్వాత, ఏం తోచిందో, ఒక్కొక్కటే విప్పి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. "అమ్మాయ్, నువ్వు పాస్. లోయర్ కాదు, హయ్యర్."

"సర్టిఫికెట్ వద్దు. టేబులు చాలు."

శిష్యులంతా కలిసి మిషనుని ఎత్తారు. మాస్టారు వెంట నడుస్తూ "మెల్లగా, మెల్లగా, బండి జారుతుంది" అని గొణుగుతూ కిటికీ పక్కన స్టూలు మీద పెట్టించి, దాని మీద తువ్వాలు కప్పారు. ఆ స్టూలు ఎవరో ముందే తుడిచి, అక్కడ వేసి ఉంచారన్న సంగతి ఆయనకి తర్వాత తట్టింది.

జనం వెళ్ళాక టేబులు మీద మొదటిసారి రెండు కంచాలు ఎదురెదురుగా పడ్డాయి. మాస్టారు తింటున్నారు. టేబులు ఇంత పెద్దదా అని లోపల అనుకుంటున్నారు.

"రేపట్నుంచి చూసుకుంటూ కొడతాను," అన్నారు. "బొడిపెలు లేకుండా. ముందు చూసి, ఆనక మానేసి. ఆ గాజుని నేను లొంగదీసుకోకపోతే నా పేరు టకటక మాస్టారే కాదు."

"కొట్టండి. కాదన్నానా? మజ్జిగ పోసుకోండి."

అప్పుడే ఆవిడ ఫోనుకి ఏదో మెసేజ్ వచ్చింది. టింగ్.

మాస్టారి ఎడమ చెయ్యి లేచింది. కంచాన్ని కుడివైపుకి ఒక్క తోపు తోసింది. కంచం టేబులు మీద జారి అంచు దాటబోయింది. ఆవిడ తన కంచంలోంచి తల కూడా ఎత్తలేదు. ఖాళీ చెయ్యి చాపి, కంచాన్ని అంచు దగ్గరే పట్టేసింది.

మాస్టారు నోరు వెళ్ళబెట్టారు. "చూడకుండా ఎలా పట్టావే?"

"మీ దగ్గర నేర్చుకున్నదేగా, సార్," అంటూ ఆవిడ కంచాన్ని మళ్ళీ ఎడమకి జరిపింది, సరిగ్గా ఆయన ముందుకి. ఒక్క గడి కూడా తప్పకుండా.